తక్కువ ఖర్చుతో చిన్న ఓడల సేకరణ: ఏ స్కేలుతో మొదలుపెట్టాలి?

కొత్తకెప్టెన్
అందరికీ నమస్కారం. ఓడల మోడల్స్ సేకరించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఇప్పటికి కుదిరింది. బడ్జెట్ తక్కువ. చోటు ఇంకా తక్కువ, 90 సెంటీమీటర్ల పొడవు, జానెడు వెడల్పు ఉన్న గోడ అర ఒక్కటే. బిస్మార్క్, యమాటో, టైటానిక్, క్వీన్ మేరీ 2, ఒక విమానవాహక నౌక, ఇవన్నీ పక్కపక్కన పెట్టుకోవాలని కోరిక. తీరా చూస్తే 1/350, 1/570, 1/600, 1/700, 1/1200 అంటూ ఎవరి లెక్క వాళ్లది. ఏది కొంటే డబ్బు వృథా కాకుండా ఉంటుంది? కిట్ కొని అతికించుకోవడం మేలా, తయారైన మోడల్ కొనడం మేలా? రంగులేయడంలో నా అనుభవం స్కూల్లో డ్రాయింగ్ క్లాసు వరకే.

పాతలంగరు
స్వాగతం. కిట్లు తర్వాత చూద్దురు గానీ, ముందు ఆ అరను బట్టి స్కేలు తేల్చుకోండి. అసలు బిస్మార్క్ పొడవు 251 మీటర్లు. 1/350లో అది 72 సెంటీమీటర్లు, అంటే మీ అర ఒక్క ఓడతో నిండిపోతుంది. 1/700లో 36 సెంటీమీటర్లు. 1/1200లో 21. 1/2400లో పదిన్నర. మీరు రాసిన ఐదూ ఒకే అరలో సర్దాలంటే 1/1200, లేదా అంతకంటే చిన్నదే దారి.

ఇంకో మాట. 1/570, 1/535 లాంటి వింత అంకెలు కనిపిస్తే అవి ఏ వరుసకూ చెందినవి కావు. పాత రోజుల్లో డబ్బా సైజు ముందు ఖాయం చేసుకుని, అందులో పట్టేలా ఓడను కుదించేవాళ్లు. రెవెల్ వాళ్ల పాత మిస్సోరీ 1/535, వాళ్లదే టైటానిక్ 1/570. విడిగా చూస్తే రెండూ మంచివే. కానీ ఆ టైటానిక్ 47 సెంటీమీటర్లు వస్తుంది, దాని పక్కన 1/700 యమాటో పెడితే 38 దాటదు. నిజంగా ఆ రెండింటికీ ఉన్న తేడా ఆరేడు మీటర్లే. పక్కపక్కన పెట్టి చూడాలన్నదే మీ కోరిక అయితే, స్కేళ్లు కలిపేసిన రోజే అది పోయినట్టు.

ఏడువందలవాడు
లంగరు గారూ, కొత్తగా వచ్చినవాళ్లను నేరుగా 1/1200లోకి తోసేయకండి :)

బ్రో, 1/700 వైపు కూడా ఒకసారి చూడు. కారణం చెబుతాను. 1971లో జపాన్‌లోని షిజుయోకాకు చెందిన నాలుగు కంపెనీలు, టమియా, హసెగావా, ఆవోషిమా, ఫుజిమి, కలిసి వాటర్‌లైన్ సిరీస్ మొదలుపెట్టాయి. ఒకరు చేసిన ఓడ ఇంకొకరు చేయకుండా ముందే పంచుకున్నారు. 1992లో ఫుజిమి బయటికొచ్చింది, మిగతావాళ్లు కొనసాగారు. దీనివల్ల మనకు లాభం ఏంటంటే, యుద్ధకాలపు జపాన్ నౌకాదళంలో దాదాపు ఏ పేరు చెప్పినా కిట్ ఉంటుంది, అన్నీ ఒకే స్కేలు, అన్నీ నీటిమట్టం దగ్గర కోసేసినవే. కింద స్టాండు అక్కర్లేదు, అర మీద పెడితే నీళ్లమీద ఉన్నట్టే ఉంటుంది. ఆ సిరీస్‌లో పాత అచ్చులు ఇప్పటికీ చవకే. డీటెయిల్ మొరటుగా ఉంటుంది, నిజమే, కానీ చెయ్యి కుదరడానికి అవే మంచివి. కొత్త అచ్చుల ధర వేరే లోకం.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఫొటో ఎచ్, అంటే రసాయనంతో చెక్కిన పల్చని లోహపు ముక్కల జోలికి ఇప్పుడే పోకు. ఆ ఇత్తడి రెయిలింగుల రేకు ఒక్కోసారి కిట్ కంటే ఎక్కువ ధర ఉంటుంది. వేళ్లకు అలవాటు లేకపోతే సగం కార్పెట్‌లోకే పోతుంది.

పాతలంగరు
తోసేయడం లేదండీ, అర ఎంత ఉందో ఆయనే చెప్పారు కదా.

1/1250 లోహపు మోడల్స్ సంగతి కూడా ఆయనకు తెలియాలి. ఇది జర్మనీలో పుట్టిన సంప్రదాయం, 1930లలో వీకింగ్ కంపెనీతో ఊపందుకుంది. బ్రిటన్, అమెరికాల్లో 1/1200 నడిచింది. 100 అడుగులకు ఒక అంగుళం అన్న లెక్క నుంచి వచ్చిన అంకె అది. బాసెట్ లోక్ వాళ్లు ఆ కొలతతోనే చేసేవారు. రెండో ప్రపంచయుద్ధంలో నావికులకు, పైలట్లకు దూరం నుంచి శత్రునౌకను ఆకారం చూసి గుర్తుపట్టడం నేర్పడానికి ఈ చిన్న మోడల్స్ వాడారు. బల్ల మీద పెట్టి, కంటిని బల్ల మట్టానికి దించి చూసేవారు. మీరు కూడా ఎప్పుడైనా అలా చూడండి, అరచేతిలో ఇమిడే ముక్క హఠాత్తుగా ఓడైపోతుంది.

ఇవి రంగులేసి తయారుగా వస్తాయి, అతికించే పని లేదు. ధర మాత్రం బాగా ఎక్కువ. ఒక మంచి యుద్ధనౌకకు పెట్టే డబ్బుతో పాత 1/700 కిట్లు చాలానే వస్తాయి. అందుకే తక్కువ బడ్జెట్‌తో ఈ దారి పట్టినవాళ్లు పెద్దవాటి జోలికి వెళ్లకుండా చిన్న రవాణా ఓడలు, టగ్గులు, కొర్వెట్లు (చిన్న కాపలా యుద్ధనౌకలు) ఏరుకుంటారు.

కొత్తకెప్టెన్
లంగరు గారూ, 1/1200, 1/1250 రెండూ ఒకే అరలో పెట్టొచ్చా? లేక అది కూడా స్కేళ్లు కలపడమేనా?

తెరచాప
పెట్టేయండి. తేడా నాలుగు శాతం. బిస్మార్క్ ఒకదాంట్లో 20.9 సెంటీమీటర్లు, ఇంకోదాంట్లో 20.1. ఒకే ఓడను రెండు స్కేళ్లలోనూ కొని ఆనించి పెడితే తప్ప ఎవరికీ తెలియదు. ఈ విషయం మీద యుద్ధాలు చేసే పెద్దమనుషులున్నారు, వాళ్ల మాట పట్టించుకోకండి.

1/1200లో చవకైన ప్లాస్టిక్ కూడా ఉంది. రెవెల్ వాళ్లకు ఈ స్కేలులో టైటానిక్, బిస్మార్క్, క్వీన్ మేరీ 2 ఉన్నాయి. మీరడిగిన ఐదులో మూడు అక్కడే వచ్చేశాయి. ముక్కలు తక్కువ. వెనకటికి ఎయిర్‌ఫిక్స్ కూడా బిస్మార్క్ వేట మీద 1/1200 వాటర్‌లైన్ ఓడలు చేసింది, పాత సరుకులో అప్పుడప్పుడు దొరుకుతాయి. కష్టమేంటంటే ఈ స్కేలు ప్లాస్టిక్‌లో ప్రసిద్ధ ఓడలే ఉంటాయి. ఐదారు అయ్యాక మీకు వాటికి తోడు డిస్ట్రాయర్లు కావాలనిపిస్తుంది. అక్కడినుంచి లోహానికో, ప్రింటింగ్‌కో మళ్లాల్సిందే.

రంగు పని అసలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. 2007లో ఆక్సిస్ అండ్ అలైస్ వార్ ఎట్ సీ అని ఒక బల్లమీద ఆట వచ్చింది. అందులో ఓడలు 1/1800 స్కేలు ప్లాస్టిక్, రంగు వేసే వచ్చేవి. ఆట ఆగిపోయింది కానీ ఓడలు సెకండ్ హ్యాండ్‌లో విడివిడిగా అమ్ముతారు. మెత్తని ప్లాస్టిక్ కాబట్టి తుపాకీ గొట్టాలు వంగి ఉంటాయి. వేడినీళ్లలో ముంచి, నిటారుగా పట్టుకుని, వెంటనే చన్నీళ్లలో పెడితే నిలబడతాయి. అందులో బిస్మార్క్ 14 సెంటీమీటర్లు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది, దగ్గరికొస్తే బొమ్మ అని తెలిసిపోతుంది.

రెజిన్‌రాజా
3డి ప్రింటింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఇప్పుడు చవకగా ఎక్కువ ఓడలు కావాలంటే అదే. ఉచితంగా దొరికే ఫైళ్లు బోలెడు, చాలావాటిని ఆటల కోసం 1/1800 లెక్కన గీశారు. 1/1200 కావాలంటే 150 శాతానికి పెంచుకోవాలి. 1/700 ఫైలును 1/1250కి దించాలంటే 56 శాతం. దించేటప్పుడు జాగ్రత్త, 700లో అరమిల్లీమీటరు ఉన్న మాస్తు (డెక్కు మీద నిలబడే స్తంభం) 1250కి వచ్చేసరికి పావు మిల్లీమీటరు అవుతుంది, ప్రింట్ కాదు, అయినా చెయ్యి తగిలితే విరుగుతుంది. మాస్తులు, గొట్టాలు ఫైల్లోంచి తీసేసి తర్వాత తీగతో పెట్టుకోవడమే మేలు.

ప్రింటర్ లేదంటే, ఉన్నవాళ్లతో ఒక ప్లేటు నిండా ఓడలు ఒకేసారి వేయించుకోండి. ఒకటి వేసినా పది వేసినా మెషీన్‌కు పట్టే టైమ్ దాదాపు అంతే, ఎత్తును బట్టే టైమ్. అందుకే ఓడల్లాంటి పొట్టి వస్తువులు రెజిన్ ప్రింటర్‌కు బాగా కలిసొస్తాయి. చేతికొచ్చాక ఇంకా జిగటగా ఉంటే మాత్రం ఉత్త చేతులతో పట్టుకోవద్దు. అది పూర్తిగా క్యూర్ కాని, అంటే గట్టిపడని రెజిన్, చర్మానికి పడదు.

ఏడువందలవాడు
అన్నా, ప్రింటర్ ఖర్చు, ప్రింట్ కడిగే ఆల్కహాల్ ఖర్చు, గ్లోవ్స్ ఖర్చు కూడా చెప్పు మరి. "చవక" అని మొదలుపెట్టి మెషీన్ దగ్గర తేలుతుంది ఈ కథ.

రెజిన్‌రాజా
అందుకేగా వేయించుకోమంది, కొనుక్కోమనలేదుగా.

కాగితంఓడ
అసలు చవక మాది. కాగితం. జర్మనీలో అట్ట ఓడలకు 1/250 స్కేలు స్థిరపడిపోయింది, ఉచితంగా ముద్రించుకునే షీట్లు కూడా చాలామంది పెడతారు. మందపాటి కాగితం, కత్తి, స్టీలు స్కేలు, తెల్ల బంక, అంతే. రంగు ముందే అచ్చయి ఉంటుంది.

మీ అరకు 1/250 ఎలా అంటారేమో. బిస్మార్క్ అయితే మీటరు, వద్దు. 30 మీటర్ల టగ్గు అయితే 12 సెంటీమీటర్లే. పైలట్ బోట్లు, అగ్నిమాపక పడవలు, చేపల పడవలు, లైట్‌షిప్పులు, ఇలాంటివాటితో అందమైన వరుస తయారవుతుంది. 50 శాతానికి కుదించి ముద్రిస్తే 1/500 వస్తుంది కానీ ముక్కల అంచులు మడవడం నరకం, ముందే చెబుతున్నా. కత్తిరించిన అంచులు తెల్లగా కనబడతాయి, అక్కడ అదే రంగు నీటిరంగు పెన్సిల్ రుద్దండి. ఈ ఒక్క పని చేసినదానికీ చేయనిదానికీ పోలికే ఉండదు.

బూడిదరంగు
ఇందాకటి నుంచి ఓడల ధరే మాట్లాడుతున్నాం. నా లెక్కలో కొత్తవాళ్ల జేబుకు చిల్లుపెట్టేది ఓడలు కాదు, పనిముట్లు. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, ముప్పై రంగుల సెట్టు, ఐదు రకాల వాష్‌లు (మూలల్లోకి వదిలే పల్చని రంగులు). వీటిలో ఏదీ ఇప్పుడు అక్కర్లేదు. ముక్కలు కోసే నిప్పర్ ఒకటి మంచిది కొనండి, దాంట్లో పొదుపు చేయొద్దు. సన్న మొన ఉన్న పట్టకారు, బ్లేడు మార్చుకునే కత్తి, 400, 800 నంబర్ల నీటి గరుకు కాగితం, పల్చని ప్లాస్టిక్ సిమెంట్, కొంచెం సూపర్ గ్లూ. బ్రష్షులు రెండు చాలు, ఒకటి సన్నం, ఒకటి చదునుది. యాక్రిలిక్‌లో నలుపు, తెలుపు, ముదురు నీలం, ఎరుపు, చెక్క డెక్కు రంగు. బూడిద రంగులన్నీ మొదటి మూడూ కలిపి చేసుకోవచ్చు. సీసాలోంచి తీసిన రంగు ఇంత చిన్న ఓడ మీద ఎప్పుడూ ముదురుగానే కొడుతుంది, కాబట్టి ఎలాగూ తెలుపు కలపాలి.

కొత్తవాళ్లు ఇంకో టెన్షన్ పడతారు, తాళ్లు, తీగలు వేయాలా అని. లెక్క చూడండి. 1/1200లో ఒక మిల్లీమీటరు అంటే నిజంలో 1.2 మీటర్లు. మనిషి మిల్లీమీటరున్నర కూడా రాడు. సెంటీమీటరు మందం ఉన్న తీగ ఈ స్కేల్లో కంటికి కనిపించే అవకాశమే లేదు. తల వెంట్రుక కట్టినా అది ఓడ మీద ఎనిమిది సెంటీమీటర్ల మోకులా లెక్క. కాబట్టి 1/1200లో తీగలు మానేయండి, ఎవరూ అడగరు. మాస్తులు మాత్రం మార్చండి. కిట్‌లో వచ్చే మాస్తు టెలిఫోన్ స్తంభంలా ఉంటుంది, అరమిల్లీమీటరు మందం అంటే అసలు ఓడలో అరవై సెంటీమీటర్లు.

మార్చడానికి పైసా ఖర్చు లేదు. ముక్కలన్నీ కోసుకున్నాక మిగిలే ప్లాస్టిక్ కడ్డీని, అదే స్ప్రూను, రెండు చేతుల్తో పట్టుకుని కొవ్వొత్తి మంటకు కొంచెం పైన తిప్పుతూ ఉండండి. మంట తగలకూడదు, సెగ చాలు. నడుమ భాగం మెరుపెక్కి, మెత్తబడి కాస్త వంగుతుంది. అప్పుడు కొవ్వొత్తి దగ్గర్నుంచి పక్కకు తెచ్చి లాగండి. నెమ్మదిగా లాగితే మాస్తుకు సరిపడా మందం, గబుక్కున లాగితే దారం కంటే సన్నం. అటూ ఇటూ పట్టుకుని నాలుగైదు సెకన్లు అలాగే బిగించి ఉంచితే నిటారుగా గట్టిపడుతుంది. పొగ పీల్చకండి, కిటికీ తీసి పెట్టుకోండి. ఒక్క స్ప్రూ నుంచి అర మొత్తానికి సరిపడా మాస్తులు వస్తాయి.

పాతలంగరు
బూడిదరంగు గారి పోస్టు భద్రపరచుకోండి కెప్టెన్ గారూ.

పాత సరుకు కొనే ఉద్దేశం ఉంటే రెండు జబ్బులు తెలిసి ఉండాలి. ఒకటి సీసానికి వచ్చేది. పాత లోహపు మోడల్స్‌లో సీసం ఎక్కువ. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ నుంచి, ప్లైవుడ్ బంకల నుంచి, సరిగా ఆరని రంగుల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. పైన తెల్లటి పొడి తేలుతుంది, అది లెడ్ కార్బొనేట్. గాలాడని చెక్క బీరువాలో పెడితే ఇది ఇంకా తొందరగా వస్తుంది. ఫొటోలో తెల్ల మచ్చలు కనిపిస్తే అమ్మేవాళ్లు "కొంచెం దుమ్ము" అంటారు, దగ్గరి ఫొటో అడగండి. ఆ పొడి విషం. ఊదకండి, గరుకు కాగితంతో రుద్దకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

రెండోది పాత డైకాస్ట్‌కు, అంటే అచ్చులో పోతపోసిన జింకు మోడల్స్‌కు వచ్చేది. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే కొన్నేళ్లకు లోహం లోపల్నుంచే పగిలి ఉబ్బుతుంది. సన్నని బీటలు, వంకర తిరిగిన అడుగు దీని గుర్తులు. దీనికి మందు లేదు. ఎంత చవకైనా వదిలేయండి.

విరిగిన మాస్తు, పోయిన పడవ, పెచ్చులూడిన రంగు మాత్రం జబ్బులు కావు, బేరాలు. కలెక్టర్లు వాటిని పక్కన పెట్టేస్తారు, మనకు కావలసింది అదే. ఒకటి కాకుండా నాలుగు కలిపి ఒకే అమ్మకందారు దగ్గర తీసుకుంటే పోస్టేజీ పంచుకుపోతుంది. ఇంత చిన్న వస్తువులకు ఒక్కోసారి పోస్టేజీయే అసలు ధర.

తెరచాప
నా సలహా మీ లిస్టును పక్కన పెట్టేయమని. కోపం తెచ్చుకోకండి. బిస్మార్క్, యమాటో, టైటానిక్ అందరి అరల్లోనూ ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. అలా పేరున్నవి ఏరితే సేకరణ ఎప్పటికీ ఒక ఆకారానికి రాదు, బడ్జెట్ కూడా ఆగదు, ఎందుకంటే పేరున్న ఓడలన్నీ పెద్ద ఓడలే.

ఒక చిన్న కథ ఎంచుకోండి. ఉదాహరణకు అట్లాంటిక్ కాన్వాయ్. లిబర్టీ షిప్పులు 2,710 కట్టారు, ఒక్కోటి 134 మీటర్లు, 1/1200లో 11 సెంటీమీటర్లు. వాటికి కాపలా ఫ్లవర్ తరగతి కొర్వెట్లు, తిమింగలాలు వేటాడే ఓడల నమూనా మీద కట్టినవి, 62 మీటర్లు, అంటే 5 సెంటీమీటర్లు. వేటాడే జర్మన్ జలాంతర్గామి, యూ-బోటు టైప్ 7, 67 మీటర్లు, అదీ ఐదున్నర. అన్నీ కలిపి ఒక జానెడు చోటులో మొత్తం యుద్ధం. అన్నీ పెద్ద యుద్ధనౌకల కంటే చవక. రంగు కూడా బాగుంటుంది. వెస్ట్రన్ అప్రోచెస్ పద్ధతిలో తెలుపు మీద లేత ఆకుపచ్చ, లేత నీలం పట్టీలు. తర్వాత పక్షుల శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న పీటర్ స్కాట్ రూపొందించినది అది. బూడిద రంగు ఓడల మధ్య ఆ చిన్న తెల్ల కొర్వెట్ మీదికే చూపు పోతుంది.

లేదంటే 1/700లో కేవలం డిస్ట్రాయర్లు. ఒక్కో దేశానిది ఒకటి. అన్నీ అటూ ఇటూగా 15 నుంచి 17 సెంటీమీటర్లు.

ఏడువందలవాడు
అక్క చెప్పిన రెండోది చేయి బ్రో. అమెరికా ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్లు 175 కట్టారు, టమియా కిట్ సులువు, 16.4 సెంటీమీటర్లు వస్తుంది. కిడ్, కాసిన్ యంగ్ లాంటివి ఇప్పటికీ మ్యూజియం ఓడలుగా ఉన్నాయి, కాబట్టి ఏ అనుమానం వచ్చినా ఫొటోలు దొరుకుతాయి. తర్వాత జపాన్ యుకికాజే. యుద్ధం మొత్తం తిరిగి బతికి బయటపడిన ఓడ. 1947లో చైనాకు అప్పగిస్తే తాన్ యాంగ్ అన్న పేరుతో పనిచేసింది.

కొత్తకెప్టెన్
అందరికీ ధన్యవాదాలు. తెరచాప గారి మాట మొదట్లో కాస్త గుచ్చుకుంది కానీ లెక్క వేస్తే ఆవిడే కరెక్ట్. 1/700 డిస్ట్రాయర్లతో మొదలుపెడుతున్నాను. ఫ్లెచర్, యుకికాజే రెండూ ఒకే చోట తీసుకున్నాను. ఎయిర్‌బ్రష్ లేదు, స్ప్రే ప్రైమర్ ఒకటి, రెండు బ్రష్షులు ఉన్నాయి. ఫ్లెచర్‌కు చేతితో వేయడానికి తేలికైన రంగు పథకం ఏది? అడుగున సముద్రం చేసుకోవడం ఎలా?

బూడిదరంగు
మెజర్ 22, యుద్ధకాలపు అమెరికా నౌకాదళం రంగు పథకం. ముఖ్య డెక్కు అంచు ఎక్కడ అన్నిటికంటే కిందికి దిగుతుందో అక్కడ ఒక అడ్డగీత, నీటికి సమాంతరంగా. దాని కింద ముదురు నేవీ బ్లూ, పైన లేత హేజ్ గ్రే, డెక్కులు నీలం. వంకరలు లేవు, ముక్కోణాలు లేవు. ముందు మొత్తం లేత బూడిద వేసి ఆరనివ్వండి, టేపు అంటించి కింద నీలం వేయండి. టేపు అంచుమీద మొదట లేత బూడిదే ఇంకోసారి పల్చగా పూస్తే సందులు మూసుకుంటాయి, నీలం లోపలికి పాకదు. తర్వాత నలుపు, గోధుమ కలిపి నీళ్లంత పల్చగా చేసి మూలల్లోకి వదలండి. చివర్లో బ్రష్ మీద రంగు దాదాపు లేకుండా తుడిచేసి, లేత బూడిదతో అంచులు తాకించండి. ఈ రెండు పనులతో ప్లాస్టిక్ ముక్క ఉక్కులా కనిపిస్తుంది.

సముద్రానికి మందపాటి నీటిరంగుల కాగితాన్ని అట్టకు అంటించి, ఓడ అడుగు గీసుకోండి. తెల్ల బంకలో నీళ్లు కలిపి పూసి, టిష్యూ పేపరు పరిచి, తడి బ్రష్‌తో పొడుస్తూ ముడతలు లేపండి. అలలు చిన్నవిగా ఉండాలి, 1/700లో సెంటీమీటరు ఎత్తు అల అంటే ఏడు మీటర్లు, అది తుఫాను. పూర్తిగా ఆరాక ముదురు నీలంలో కొంచెం ఆకుపచ్చ, నలుపు కలిపి వేయండి. మనం ఊహించే నీలం కంటే నడి సముద్రం చాలా ముదురు. పైన మెరిసే (గ్లాసీ) వార్నిష్ రెండు పూతలు.

ఏడువందలవాడు
నురగ గురించి ఒక్కటి. ఓడ వెనక వచ్చే V ఆకారం ఎంత వెడల్పు ఉండాలో చాలామంది ఊహించి వేస్తారు. లోతు నీళ్లలో ఓడ ఎంత వేగంగా పోయినా ఆ V ఒక్కోవైపు 19.5 డిగ్రీలే ఉంటుందని కెల్విన్ లెక్క తేల్చాడు, అంటే మొత్తం 39. ప్రొట్రాక్టర్‌తో పెన్సిల్ గీత గీసి దాని మీదే తెలుపు తాకించు. వేగం పెరిగేకొద్దీ నురగ పెరగాలి, కోణం కాదు.

దుమ్ముకు ఏదైనా పారదర్శక ప్లాస్టిక్ డబ్బా బోర్లించు. మూత లేకుండా అరలో వదిలేస్తే కొన్ని నెలల్లో డెక్కు మీద బూడిద పొర, తుడిస్తే మాస్తు పోతుంది. ఎండ పడే గోడ అయితే ఓడలు వేరే గోడకు మార్చు, తెల్ల రంగు పచ్చబడుతుంది.

కొత్తకెప్టెన్
కిట్లు వచ్చాయి! ఒక డబ్బాలో సన్నని ఇనుప పట్టీ ఉంది, ముక్కల పట్టికలో ఉన్నట్టే ఉంది కానీ ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదు. ఇంకోదాంట్లో హల్ (ఓడ ఒళ్లు) కొంచెం అరటికాయలా వంగి ఉంది, బల్ల మీద పెడితే ముక్కు లేస్తోంది. వెనక్కి పంపాలా?

ఏడువందలవాడు
పంపకు. పట్టీ బరువు కోసం, హల్ లోపల పెట్టి అడుగు పలకతో మూసేయాలి. మూసే ముందు రెండు చుక్కల గ్లూ వేయి, లేకపోతే ఓడ కదిపినప్పుడల్లా గలగలలాడుతుంది. ఇనుము కాబట్టి కాస్త రంగు పూసి పెడితే తుప్పు పట్టదు. సముద్రంలో అంటించేస్తే అది లేకపోయినా నష్టం లేదు.

పాతలంగరు
వంపుకు: గోరువెచ్చని నీళ్ల కంటే కాస్త వేడి నీళ్లలో హల్‌ను నిమిషం ఉంచి, చదునైన గాజు పలక మీద వేళ్లతో నొక్కి పట్టుకోండి, చల్లారేదాకా. మరిగే నీళ్లు వద్దు, ఇంకా వంకర పోతుంది. మిగిలిన ఒక్క మిల్లీమీటరు కోసం గాజు మీద 400 నంబరు కాగితం పరిచి, హల్‌ను దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. ఒకవైపే ఎక్కువ అరగకుండా మధ్యమధ్యలో తిప్పి చూసుకోండి. డెక్కు అతికించక ముందే చేయాలి ఇదంతా.

కొత్తకెప్టెన్
సరేనండీ, రాత్రికి చేసి ఫొటో పెడతాను. గాజు పలక లేదు, అద్దం పనికొస్తుందా?

పాతలంగరు
బాగా పనికొస్తుంది. కింద తడి గుడ్డ వేయండి, జారకుండా.